చలివేంద్రం షాపు బయటే ఎందుకు?

బట్టల షాపుల యజమానులకు, మర్చంట్స్ అసోసియేషన్ల పెద్దలకు,

నమస్కారం.

ఏటా ఎండలు ముదరగానే మీలో చాలామంది షాపు ముందు చలివేంద్రం పెడతారు. తాటాకు పందిరి, కింద తడి ఇసుకలో కొత్త కుండలు, పైన మీ షాపు పేరుతో ఫ్లెక్సీ. కొందరు మజ్జిగ కూడా పోస్తారు. దారిన పోయేవాళ్ల దాహం తీర్చడం మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పుణ్యకార్యం. దాన్ని వెక్కిరించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ కుండలకు నాలుగడుగుల దూరంలో, అద్దాల తలుపు లోపల, చీరల సెక్షన్లో నిలబడ్డ అమ్మాయి పొద్దుటి నుంచి గ్లాసు నీళ్లు కూడా తాగలేదని మీకు చెప్పడానికి రాస్తున్నాను. నీళ్లు లేక కాదు. లోపల 20 లీటర్ల క్యాన్ ఉంది, గ్లాసు ఉంది. తాగితే బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని తాగదు.

నేను విజయవాడలో ఒక బట్టల షాపులో కొన్నేళ్లు పనిచేశాను. పట్టు చీరల సెక్షన్. ఆ షాపు పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. తర్వాత వేరే షాపుల అమ్మాయిలు ఎవరు తమ సంగతి చెప్పినా నాకు మా షాపు గురించి వింటున్నట్టే ఉండేది. ఆ పని మానేశాక ల్యాబ్ పని నేర్పే డిప్లొమా అయిన డీఎంఎల్‌టీ చదివి, ఇప్పుడు ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్నాను. ఒకప్పుడు నా పక్క కౌంటర్లో నిలబడ్డ వాళ్ల మూత్రం శాంపిళ్లు ఇప్పుడు నా మైక్రోస్కోపు కిందికి వస్తున్నాయి. నేను డాక్టర్ని కాను, మందులు చెప్పను. కళ్లతో చూసిందీ, చదివి నిర్ధారించుకున్నదీ మాత్రం చెప్తాను.

షట్టరు ఏ తొమ్మిదిన్నరకో పదికో లేస్తుంది. అమ్మాయి రోజు మాత్రం అంతకు చాలా ముందే మొదలవుతుంది. కంకిపాడు నుంచో కొండపల్లి నుంచో మంగళగిరి నుంచో బస్సో షేర్ ఆటోనో పట్టుకుని రావాలి. దారిలో ఇబ్బంది అవుతుందని ఇంట్లో టిఫిన్‌తో అర గ్లాసు నీళ్లు తాగి బయల్దేరుతుంది. షాపుకొచ్చాక యూనిఫాం చీర, హాజరు, దుమ్ము దులపడం, రాత్రి విప్పి వదిలేసిన చీరలన్నీ మడతలు పెట్టడం. ఈలోపు బోణీ బేరం వచ్చేస్తుంది. మధ్యాహ్నం భోజనం వంతులవారీగా. క్యారేజీ తెరిచి నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, ఆ కాస్త టైములోనే బాత్రూమ్ దగ్గర లైన్లో నిలబడాలి.

ఆ బాత్రూమ్ ఎక్కడుంటుందో మీకు తెలిసే ఉంటుంది. పెద్ద షాపుల్లో అయితే పై అంతస్తులో గోడౌన్ పక్కన, లేకపోతే సెల్లార్లో జనరేటరు పక్కన. లిఫ్టు కస్టమర్ల కోసం, స్టాఫ్ మెట్లెక్కాలి. కస్టమర్ల వాష్‌రూమ్ ఆ ఫ్లోర్లోనే ఉన్నా అందులోకి స్టాఫ్ వెళ్లకూడదు. చిన్న షాపుల్లో అసలు ఉండనే ఉండదు. కాంప్లెక్స్ మొత్తానికీ వెనకవైపు ఒకటి ఉంటుంది, దాని తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల వెళ్లి ఆయన్ని తాళం అడగాలి, అక్కడ టీ తాగుతున్న నలుగురి ముందు.

వెళ్లేముందు ఫ్లోర్ ఇన్‌చార్జికి చెప్పాలి. ఆయన వద్దనడు. "ఇప్పుడే కదమ్మా వెళ్లొచ్చావు" అంటాడు, అంతే. కస్టమర్ల ముందు ఆ మాట ఒక్కసారి పడితే ఆ రోజుకు మళ్లీ అడగబుద్ధి కాదు. అడిగే పని లేకుండా చేసుకోవాలంటే నీళ్లు మానేయడమొక్కటే దారి. చేరిన మొదటి వారంలోనే సీనియర్ అక్కలు ఇది నేర్పిస్తారు. గొంతు ఎండితే ఒక గుక్క నోట్లో పోసుకుని, కాసేపు ఉంచుకుని, మెల్లగా మింగమంటారు. చీర విప్పి చూపిస్తూ రోజంతా మాట్లాడే ఉద్యోగం కదా, గొంతు ఎండుతూనే ఉంటుంది. ఇక నెలసరి రోజుల్లో ప్యాడ్ మార్చుకోవాలన్నా అదే గది, అదే లైను, అవే మెట్లు.

రాత్రి తొమ్మిదిన్నరకు బయటపడి ఇంటికి చేరాక, అప్పుడు తాగుతారు నీళ్లు. చెంబులకు చెంబులు. దాంతో రాత్రంతా లేస్తూనే ఉంటారు, నిద్ర చెడుతుంది. పొద్దున్నే మళ్లీ అర గ్లాసు.

మన కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. అందులో లీటరున్నర, రెండు లీటర్లు తప్ప మిగతాదంతా మళ్లీ రక్తంలోకే పంపేస్తాయి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మెదడులో తయారయ్యే ఒక హార్మోను వచ్చి ఇంకా పొదుపు చేయమని కిడ్నీలకు చెబుతుంది. దాంతో మూత్రం తగ్గుతుంది, చిక్కబడుతుంది, ముదురు పసుపు రంగుకు తిరుగుతుంది. ఒక పూట ఇలా జరిగితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు. మనం ఏకాదశి ఉపవాసాలూ రంజాన్ ఉపవాసాలూ చేసే మనుషులమే. ఏడాది పొడుగునా, సెలవు రోజు తప్ప రోజూ ఇదే పద్ధతి అయితేనే ఒళ్లు చెడేది.

ముందు చెడేది మూత్రాశయం. ఆడవాళ్లకు మూత్రనాళం చాలా పొట్టిది, సుమారు 4 సెంటీమీటర్లు. పేగుల్లో మామూలుగా బతికే ఈ-కోలై అనే బాక్టీరియా బయటి నుంచి ఆ దారిన లోపలికి చేరడం తేలిక. చేరినవాటిని ఎప్పటికప్పుడు మూత్రంతో కడిగి పంపేయడం ఒంటికి ఉన్న మొదటి రక్షణ. ల్యాబ్‌లో మంచి మేత దొరికితే ఈ-కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మూత్రాశయంలో అంత జోరు ఉండకపోవచ్చు. అయినా పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా ఆపుకుంటే వాటికి ఆ టైము చాలు.

మంట మొదలవుతుంది. మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే రెండు చుక్కలు. పొత్తికడుపులో నొప్పి. మన దగ్గర దీనికి "వేడి చేసింది" అనేసి బార్లీ నీళ్లో సబ్జా నీళ్లో తాగుతారు, అదీ సెలవు రోజున. తగ్గకపోతే మెడికల్ షాపులో రెండు మాత్రలు. ఆ రెండు మాత్రలకు మంట తగ్గుతుంది, ఇన్‌ఫెక్షన్ పోదు. ఇలా రెండు మూడుసార్లు అయ్యాక మా ల్యాబ్‌కి వస్తారు. అప్పటికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ రిపోర్టులో మామూలు యాంటీబయాటిక్‌ల ఎదురుగా పనిచేయదు అని వరసగా రాయాల్సి వస్తుంది. అది రాసేటప్పుడు నాకు ఆ పిల్ల మీద కోపం రాదు, మెట్ల మీద వస్తుంది.

అశ్రద్ధ చేస్తే ఇన్‌ఫెక్షన్ పైకి పాకి కిడ్నీలకు చేరుతుంది. చలిజ్వరం, నడుం పైన ఒక పక్క నొప్పి, వాంతులు, ఆసుపత్రిలో పడుకోబెట్టి ఇంజెక్షన్లు. గర్భిణులకు మరీ ప్రమాదం. పైకి ఏ బాధా లేకుండానే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, దానికి వైద్యం అందకపోతే నెలలు నిండకుండానే కాన్పయ్యే ముప్పు పెరుగుతుంది. మీ షాపుల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఏ వయసు వాళ్లో మీకు నేను చెప్పక్కర్లేదు. ఐదో నెలలో కూడా మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లొచ్చిన అక్కలు నాకు తెలుసు.

మరి నీళ్లు తాగితే నిజంగా తగ్గుతుందా? ఈ ప్రశ్నకు 2018లో బల్గేరియాలో చేసిన ఒక పరిశోధన నేరుగా జవాబిచ్చింది. మూత్ర ఇన్‌ఫెక్షన్ పదేపదే వచ్చే, రోజుకు లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగే 140 మంది మహిళలను తీసుకున్నారు. సగం మందిని రోజూ తాగేదానికి అదనంగా ఇంకో లీటరున్నర నీళ్లు తాగమన్నారు, మిగతా సగాన్ని ఎప్పటిలాగే ఉండమన్నారు. ఏడాది తిరిగేసరికి ఎప్పటిలాగే ఉన్నవాళ్లకు సగటున 3.2 సార్లు ఇన్‌ఫెక్షన్ వస్తే, ఎక్కువ తాగినవాళ్లకు 1.7 సార్లు వచ్చింది. దాదాపు సగానికి సగం. ఆ పరిశోధనకు డబ్బు పెట్టింది బాటిల్ నీళ్లు అమ్మే కంపెనీయేనన్న సంగతి కూడా చెప్పాలి. అయినా చేసిన పద్ధతి గట్టిది, ఫలితమూ మన అమ్మమ్మలకు తెలిసిందే. అక్కడ తాగమని చెప్పిన ఆడవాళ్లకు బాత్రూమ్‌కి వెళ్లడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, అదీ తేడా.

రెండోది కిడ్నీలో రాళ్లు. ఈ బాధ మగవాళ్లకు ఇంకా ఎక్కువ. మీ దగ్గర గోడౌన్‌లో బండిళ్లు మోసే కుర్రాళ్లు, చెప్పుల దగ్గర, పార్కింగ్ దగ్గర ఎండలో నిలబడే సెక్యూరిటీ వాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. చిక్కటి మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్ లాంటి లవణాలు కరిగి ఉండలేక గడ్డకడతాయి. ఇటలీలో ఒకసారి రాయి వచ్చి పోయిన 199 మందిని ఐదేళ్లు గమనించి 1996లో ఫలితం ప్రకటించారు. రోజుకు రెండు లీటర్ల మూత్రం వచ్చేంతగా నీళ్లు తాగమని చెప్పిన వాళ్లలో 12 శాతం మందికి మళ్లీ రాళ్లొచ్చాయి. అలా చెప్పనివాళ్లలో 27 శాతం మందికి వచ్చాయి. రాయి నొప్పితో ఆటోలో మెలికలు తిరిగిపోతూ వచ్చే మనిషిని ఒకసారి చూస్తే ఈ శాతాలకు అర్థం తెలుస్తుంది.

మలబద్ధకం, దాని వెంట మొలలు. ఇవి ఎవరూ పైకి చెప్పుకోరు. నేనూ ఇక్కడితో వదిలేస్తాను.

ఇక మీ వ్యాపారానికి సంబంధించింది ఒకటుంది. సాయంత్రం ఐదు దాటాక సేల్స్ అమ్మాయిల్లో చాలామందికి తలనొప్పి ఉంటుంది. బ్యాగులో మాత్ర లేని అమ్మాయి ఉండదు. ఒంటి బరువులో రెండు శాతం మేర నీళ్లు తగ్గితే ఏకాగ్రత పడిపోతుందని, చిరాకు, అలసట పెరుగుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. 50 కిలోల మనిషికి రెండు శాతం అంటే ఒక లీటరు. పొద్దుటి నుంచి అర గ్లాసు మీద నడిచే మనిషి అక్కడికి చేరడానికి ఎంతసేపు? మీకు గిరాకీ ఎక్కువుండేది కూడా సాయంత్రాలే. పెళ్లి బట్టలకు ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుని, మామిడిపిందె రంగుకు మెరూన్ అంచు కావాలి, కాదు నెమలికంఠం కావాలి అంటుంటే యాభై చీరలు విప్పి, నవ్వు చెదరకుండా యాభై ఒకటోది తీయాలి. తల పగిలిపోతున్న మనిషి ఆ యాభై ఒకటోది తీయదు. "అంతేనండీ, ఇంక లేవు" అంటుంది. ఆ బేరం ఎందుకు పోయిందో మీ సీసీ కెమెరాలో కనపడదు.

ఏసీలోనే కదా నిలబడేది, చెమటే పట్టదు కదా అని ఒక ఓనరుగారు నాతోనే అన్నారు. చెమట పట్టకపోయినా ఊపిరితో, చర్మం మీదుగా రోజుకు ముప్పావు లీటరు దాకా నీళ్లు పోతూనే ఉంటాయి. చల్లగా ఉండేసరికి దాహం తెలియదు, అంతకు మించి తేడా లేదు. పైగా రోజంతా ఏసీలో ఎవరుంటారు? గోడౌన్‌కి వెళ్లి స్టాకు దింపాలి, అక్కడ ఫ్యాను కూడా ఉండదు. విజయవాడ మే నెల గోడౌన్‌లో ఎలా ఉంటుందో ఒకసారి నిలబడి చూస్తే తెలుస్తుంది.

ఇంత చెప్పాక మీలో మంచి మనసున్నవాళ్లు వెంటనే "రోజుకు 8 గ్లాసుల నీళ్లు తాగండి" అని ఒక పోస్టరు ప్రింటు చేయించి స్టాఫ్ రూంలో అంటిస్తారేమో. దయచేసి వద్దు. ఆ ఎనిమిది గ్లాసుల లెక్కకు ఆధారం లేదు. 1945లో అమెరికాలోని పోషకాహార బోర్డు పెద్దవాళ్లకు రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలంటూ, అందులో ఎక్కువ భాగం తిండిలోనే వస్తుందని కూడా రాసింది. జనం మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశారు. హైంజ్ వాల్టిన్ అనే కిడ్నీ శాస్త్రవేత్త 2002లో ఈ ఎనిమిది గ్లాసుల మాటకు రుజువు ఎక్కడుందని వెతికి, ఎక్కడా లేదని తేల్చాడు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఇచ్చిన లెక్క ప్రకారం తిండిలో వచ్చేదాంతో కలిపి ఆడవాళ్లకు రోజుకు 2 లీటర్లు, మగవాళ్లకు రెండున్నర లీటర్లు చాలు. అది వాళ్ల చలి దేశాల లెక్క, మన ఎండలకు ఇంకాస్త కావాలి. అయితే మన తిండిలోనూ నీరు తక్కువేం కాదు. వండిన అన్నంలో దాదాపు మూడింట రెండు వంతులు నీళ్లే. పప్పుచారు, మజ్జిగ సంగతి సరేసరి. మీరిచ్చే టీ కూడా లెక్కలోకి వస్తుంది, కాకపోతే చక్కెర కొంచెం తగ్గించమనండి.

గ్లాసులు లెక్కపెట్టుకునే బదులు మూత్రం రంగు చూసుకుంటే సరిపోతుంది. లేత పసుపుగా ఉంటే చాలు. ముదురుగా, ఘాటు వాసనతో ఉంటే తాగడం తక్కువైనట్టు. గబగబా లీటర్లకు లీటర్లు తాగేయడమూ మంచిది కాదు, రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్ష చేసిన పరుగువీరుల్లో 13 శాతం మందికి అలా సోడియం తగ్గి ఉంది, నీళ్లు అతిగా తాగడమే అందుకు ముఖ్య కారణం. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. మిగతావాళ్లకు రోజు మొత్తంలో కాస్త కాస్త, గంటన్నరకో రెండు గంటలకో ఒక గ్లాసు, అలా తాగితే చాలు. ఇది తెలియని అమ్మాయి మీ షాపులో లేదు. అందుకే పోస్టరు వద్దంటున్నాను.

మీరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు, మా ఇన్‌చార్జి నోట రోజూ విన్నవే. కౌంటర్లో నీళ్ల బాటిల్ పెడితే పట్టు చీర మీద ఒలుకుతుందంటారు. ఇది న్యాయమైన మాట. ఒక్క చుక్క పడినా మరక, జరీ పాడు, ఆ చీర ధర ఎవరి జీతంలో కోస్తారో కూడా మాకు తెలుసు. కౌంటర్లో వద్దు. ప్రతి ఫ్లోర్లో బిల్లింగ్ వెనక ఒక చిన్న అర, అందులో ఎవరి బాటిల్ మీద వాళ్ల పేరు. పది అడుగులు నడిచి తాగి వస్తారు.

టైము వృథా అంటారు. నాలుగు గంటల్లో రెండుసార్లు వెళ్లినా మనిషికి పట్టేది పది నిమిషాలు, అందులో ఏడు నిమిషాలు మెట్లకే పోతాయి. అదే ఫ్లోర్లో ఉన్న కస్టమర్ వాష్‌రూమ్ స్టాఫ్‌కి కూడా తెరిస్తే ఆ ఏడూ మిగులుతాయి. కస్టమర్లు ఏమైనా అనుకుంటారని మీ భయం. నేనిప్పుడు కస్టమర్నే. నాకు చీర కట్టి చూపించిన అమ్మాయి నేను వెళ్లిన బాత్రూమ్‌కే వెళ్తే నాకేం పోయింది? బాత్రూమ్‌లో కూర్చుని ఫోన్లు చూసుకుంటారని ఇంకో మాట. ఫోన్లు పొద్దున్నే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు తీసుకుని పెట్టెలో పెడుతున్నారు కదా అండీ.

చిన్న షాపుల వాళ్ల ఇబ్బంది మాత్రం నిజమైనది. పదడుగుల అద్దె గదిలో బాత్రూమ్ ఎక్కడ కట్టిస్తారు? అందుకే అసోసియేషన్ పెద్దలకు కూడా ఈ ఉత్తరం. దసరాకు వీధి వీధంతా లైటింగ్ పెట్టించడానికి షాపుకింత అని వసూలు చేయగలిగినవాళ్లు, కాంప్లెక్స్‌కు రెండు టాయిలెట్లు, ఒక ఆయా, నెలకు సరిపడా ఫినాయిల్ పెట్టించలేరా? తాళం వాచ్‌మన్ దగ్గర కాకుండా ప్రతి షాపులో ఒక ఆడమనిషి దగ్గర ఒక్కోటి ఉంచితే రూపాయి ఖర్చు లేకుండా సగం సమస్య పోతుంది.

ఇది మీ దయ మీద ఆధారపడ్డ విషయమని కూడా అనుకోకండి. కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువు అంటే మన బీసెంట్ రోడ్డు లాంటి బజారు. అక్కడ కుట్టుపని చేసే పి. విజి అనే ఆవిడ పెణ్‌కూట్టు పేరుతో షాపుల్లో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టింది. వాళ్ల మొదటి గొడవల్లో ఒకటి బాత్రూమ్ గురించే. పొద్దుటి నుంచి రాత్రి దాకా నీళ్లు తాగకుండా గడిపేవాళ్లు అక్కడా. తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాటం నడిచింది. 2014 చివర్లో త్రిశూర్‌లో ఒక పెద్ద చీరల షాపు మహిళలు రోడ్డు మీదికొచ్చి నెలల తరబడి కూర్చున్నారు. 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని మార్చి, పనివేళల్లో కూర్చోవడానికి వీలు కల్పించాల్సిందేనని రాసింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది.

ఇప్పుడు దేశమంతటికీ ఒక చట్టం ఉంది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. 2020లో పార్లమెంటు ఆమోదించిన ఈ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే వ్యాపార సంస్థలకు వర్తిస్తుంది. అందులో తాగునీరు ఉంది, ఆడవాళ్లకు, మగవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు విడివిడిగా మరుగుదొడ్లు ఉన్నాయి, నిలబడి పనిచేయక తప్పని వాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉంది. మీ ఆడిటర్‌గారిని అడిగితే సెక్షన్లు చూపిస్తారు. నేను కేసులు వేయమని ఎవరికీ చెప్పడం లేదు. అమ్మాయిలకు ఈ కోడ్ సంగతి ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది, అంతకు ముందే మీరు చేస్తే మర్యాదగా ఉంటుందని చెప్తున్నాను.

చేయాల్సింది పెద్దదేం కాదు. ఫ్లోర్‌కి ఒక రిలీవర్‌ని పెట్టండి. ఎవరు పక్కకు వెళ్లినా ఆ కౌంటర్ చూసుకోవడం ఆమె పని. అప్పుడు ఇన్‌చార్జిని అడిగే అవసరమే ఉండదు, రిలీవర్‌కి సైగ చేస్తే చాలు. ఇన్‌చార్జిలకు ఒక మాట మీ నోటితో చెప్పండి: బాత్రూమ్‌కి వెళ్లేవాళ్లను ఏమీ అనకూడదని. అది మా నోట్లోంచి వస్తే ఎదురు మాట్లాడటం అవుతుంది, మీరు చెప్తే రూలు అవుతుంది. టాయిలెట్‌లో నీళ్లు, సబ్బు, మూతున్న డస్ట్‌బిన్, లోపలి నుంచి పడే గడియ ఉండాలి. చివరిది రాయాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది కానీ మా షాపులో లోపలికి ఒకరు వెళ్తే బయట ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడేవాళ్లం. ఇద్దరు మనుషుల టైము పోయేది. నాలుగు వందల రూపాయల గడియ కొనలేదు.

బడి పిల్లల కోసం కేరళలో 2019లో నీళ్లు తాగమని గుర్తుచేసే వాటర్ బెల్ మొదలుపెట్టారు, మన రాష్ట్రాల్లోనూ బడుల్లో కొట్టించారు. షాపులో గంటలు అక్కర్లేదు. మీ మైకులో రోజంతా ఆఫర్లు చదువుతూనే ఉంటారు. గిరాకీ పల్చబడ్డ వేళ చూసి, పదకొండున్నరకు ఒకసారి, నాలుగింటికి ఒకసారి, సెక్షన్ల వారీగా నీళ్లు తాగి రమ్మని అదే మైకులో చెప్పించండి. కస్టమర్లు వింటే వినని. మీ షాపు గురించి మంచిగానే చెప్పుకుంటారు.

ఆషాఢం సేల్ వస్తోంది. ఆ నెల ఎలా ఉంటుందో నాకు తెలుసు: భోజనానికే దిక్కుండదు, ఇక నీళ్లెక్కడ. ఆఫర్ల ఫ్లెక్సీకి ఆర్డరు ఇచ్చేలోపు ఒకరోజు సాయంత్రం, షాపు కిటకిటలాడుతున్న వేళ, మీ ఇంట్లో ఆడవాళ్లను షాపుకు తీసుకురండి. భార్యనో, కూతురినో, కోడలినో. లిఫ్టు ఎక్కనివ్వకుండా, మెట్ల దారిన, స్టాఫ్ టాయిలెట్‌కి వెళ్లి రమ్మనండి. కిందికి వచ్చాక వాళ్లు ఏమేం చెప్తారో కాగితం మీద రాసుకుని, ఆ వారంలోనే చేయించండి.

ఇట్లు,
ఒకప్పుడు పట్టు చీరల సెక్షన్లో పనిచేసిన ఒక ల్యాబ్ టెక్నీషియన్,
విజయవాడ